ప్రశాంతత అని పేరు పెట్టిన ఫోటో

ఆ ఆదివారం పేరమ్మక్కను దుబాయ్ తీసుకెళ్ళాలన్న ఆలోచన నాదే. అబుదాబిలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి, తాను పనిచేసే ఇంటి ముసలావిడను డయాలసిస్‌కు తీసుకొచ్చేది. అలా రెండేళ్ళ కిందట పరిచయమైంది. నాది నరసాపురం, ఆవిడది రాజోలు దగ్గర చిన్న ఊరు. మధ్యలో గోదావరి తప్ప మరేం లేదు. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద.

దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో పాత గోదాములు కొన్నింటిని బొమ్మల హాళ్ళుగా మార్చారు. అందులో ఒకచోట యూరప్ చర్చిల గోడల మీది పాత చిత్రాలను పెద్ద తెరల మీద చూపిస్తున్నారని మా వార్డులో ఫేబా చెప్పింది. సండే స్కూల్ క్యాలెండర్లలో అరచేతంత చూసిన మరియమ్మను నిలువెత్తున చూడాలని నాకు ఆశ. పేరమ్మక్కకు ఆ బొమ్మలతో పనిలేదు. "నెలకో సెలవు. ఆ ఇంటి గోడలు చూసీ చూసీ ఇసుగొచ్చేసింది. ఎక్కడికైనా వచ్చేత్తాను పద దయమ్మా," అంది.

బస్సు, మెట్రో, ఆపైన టాక్సీ. ఒక పక్క టైర్ల షాపులు, లేబర్ క్యాంపుల కూలీలను దించే కంపెనీ బస్సులు. సందు తిరగ్గానే కుక్కపిల్లలను వెంటేసుకుని కాఫీ తాగుతున్న తెల్లవాళ్ళు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను వదిలేసి పేరమ్మక్క ముందు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడమ్, యే ఆప్ కే సాథ్ హై?" ఈవిడ మీతోపాటేనా అని నన్నడిగాడు.

"మా అక్క," అన్నాను హిందీలో. చెయ్యి తీశాడు గానీ చూపు తీయలేదు.

చర్చి చిత్రాల ఆట మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. పక్క హాల్లో ఫోటోల ప్రదర్శన ఉచితం, ఏసీ ఉంది. లోపలికి వెళ్ళాం. తెల్లటి గోడలు, ఒక్కో గోడకు ఒక్కో ఫోటో. నేను రెండో గోడ దగ్గర ఉండగా వెనక పేరమ్మక్క నిలబడిపోయిందని తెలిసింది. చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ ఎదురుగా, ఆవిడకంటే పెద్దదిగా, ఆవిడే ఉంది.

వంటగదిలో నేల మీద కూర్చుని, గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని. కిటికీలోంచి పడిన ఎండ సగం మొహం మీద. ఒళ్ళో ఒక ఫోను వెలుగుతోంది. కింద చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో రాసి ఉంది. నేను చదివి చెప్పాను: "ప్రశాంతత. పనిమనిషి, దుబాయ్, 2020."

"ప్రశాంతతా?" అంది పేరమ్మక్క. "అది మా అమ్మ పోయిన రోజు."

ఆవిడ ఫోటో మీదనుంచి చూపు తిప్పకుండానే చెప్పుకొచ్చింది. ఆ ఏడాది కరోనాతో విమానాలు ఆగిపోయాయి. జుమేరాలో ఫోటోలు తీసే ఒక బెల్జియం ఆవిడ ఇంట్లో తను పనికి ఉండేది. హెలెన్ మేడమ్. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి అమ్మ పోయిందన్నాడు. మధ్యాహ్నం చితి దగ్గరనుంచి వీడియో కాల్ పెట్టాడు. మేడమ్‌కు సంగతి చెబితే ఒక గంట పని మానుకోమంది.

"ఆ గంటలో తీసింది ఇది, దయమ్మా. ఎప్పుడు తీసిందో, ఎక్కడ నిలబడి తీసిందో. నేను కళ్ళు తెరిస్తే కదా."

మా పక్కనే ఇద్దరు ఆడపిల్లలు ఆగి ఫోటో చూశారు. ఎండ ఎంత అందంగా పడిందో అనుకుంటూ వెళ్ళారు. ఎదురుగా ఉన్న మనిషినీ ఫోటోలో ఉన్న మనిషినీ వాళ్ళు కలిపి చూడలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి ఫోటోలు తీసినావిడే వచ్చి మాట్లాడుతుందని గుమ్మంలో బోర్డు ఉంది. అది నేను చదివాను, కానీ పేరమ్మక్కకు చెప్పలేదు. "వెళ్ళిపోదాం అక్కా, మనకెందుకు," అన్నాను. నాకు భయమేసింది. ఈ దేశంలో గొడవంటే వీసా గుర్తొస్తుంది ఎవరికైనా.

"నువ్వెల్లు," అంది. అక్కడే ఫోటో కింద నేల మీద కూర్చుంది.

హాలు చూసుకునే అమ్మాయి వచ్చింది. సల్మా అని చొక్కాకు పేరు తగిలించుకుంది. కింద కూర్చోకూడదు, లేవమంది. పేరమ్మక్క లేవలేదు. చూపుడు వేలితో ఫోటోను, తర్వాత తనను చూపించింది. సల్మా రెండుసార్లు అటూ ఇటూ చూసి, మొహం మార్చుకుని, ఫోన్ తీసుకుంది. పది నిమిషాల్లో హెలెన్ వచ్చింది. నెరిసిన జుట్టు, నార గుడ్డ గౌను, నిండా నవ్వు.

"పేరూ! నమ్మలేకపోతున్నాను!" అంటూ చేతులు చాపింది.

పేరమ్మక్క లేచి ఒక అడుగు వెనక్కి వేసింది. నాతో అంది: "చెప్పు. నా తల్లి చావుని గోడకి తగిలించుకోడానికి నీకు సిగ్గు లేదా అని అడుగు."

నేను హెలెన్‌తో ఇంగ్లీషులో అన్నాను: "ఈ ఫోటో చూసి ఆవిడకు కొంచెం బాధ కలిగింది."

హెలెన్ తల ఊపింది. అర్థం చేసుకోగలనంది. ఆ ఫోటో తనకు అన్నిటికంటే ఇష్టమనీ, పేరమ్మ తనకు సొంత మనిషిలాంటిదనీ, అప్పుడు ఫోటో తీయనా అని అడిగితే తల ఊపిందనీ చెప్పింది. నవ్వు అలాగే ఉంది.

పేరమ్మక్క ఆ నవ్వునే చూసింది. నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఉంది, ఆ మొహం ఆవిడకు తెలుసు.

"నేనన్న మాట నువ్వు చెప్పలేదు," అంది నా వైపు తిరిగి. "చెప్పుంటే ఆవిడలా నవ్వదు. నువ్వూ ఆవిడ పక్కేనా?"

"అది కాదక్కా, మెల్లగా..."

"మెల్లగా వొద్దు. ఉన్నదున్నట్టు చెప్పు. లేకపోతే నాకొచ్చిన ఇంగ్లీసులో నేనే అరుస్తాను. అందరూ వింటారు."

ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే అని అప్పుడు తట్టింది. రోగులు కోపంగా అన్న మాటను మెత్తగా మార్చి డాక్టర్లకు చెప్పడం. ఈసారి మార్చలేదు. అన్నది అన్నట్టే అన్నాను. సిగ్గు లేదా అన్న మాటతో సహా.

హెలెన్ నవ్వు ఆరిపోయింది. అప్పటికే హెలెన్ ప్రసంగం వినడానికి వచ్చినవాళ్ళు పదిహేను మంది దాకా మా చుట్టూ చేరారు.

"ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలుసా తెలియదా అని అడుగు," అంది పేరమ్మక్క. అడిగాను.

"తెలుసు," అంది హెలెన్ నెమ్మదిగా. "అందుకే ఆ క్షణం నన్ను కదిలించింది. దుఃఖంలో కూడా అంత నిబ్బరం..."

"కదిలితే పక్కన కూర్చోవాలి. కెమెరా తెచ్చుకుంటారా? అంత తెలిసినదానివి ప్రశాంతత అని ఎందుకు రాశావు? నా పేరు కూడా రాయలేదే? నాలుగేళ్ళు పిలిచావు కదా పేరూ పేరూ అని."

అది కూడా చెప్పాను. ఎవరో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. సల్మా దగ్గరకొచ్చి, మిగతాది ఆఫీసులో మాట్లాడుకుందామంది. అక్కడికి వెళ్తే అంతా సర్దేస్తారని నాకు తెలుసు. అందుకే నేను అక్కడే ఉండి మాట్లాడాను. మా ఆసుపత్రిలో ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. అనుమతి లేకుండా ఎవరి ఫోటో తీసినా, బయట పెట్టినా ఈ దేశంలో కేసవుతుందని అందులో ఉంటుంది. ఆ మాటే చెప్పి, ఈవిడ ఒప్పుకున్నట్టు సంతకం చూపించమన్నాను.

సల్మా హెలెన్ వైపు చూసింది. హెలెన్ చూపు తిప్పుకుంది. దాంతో సంతకం లేదని సల్మాకు అర్థమైంది.

వాచ్‌మన్ నిచ్చెన తెచ్చాడు. ఫోటోను దించి, మొహం గోడవైపు పెట్టి ఆనించారు. పేరమ్మక్క దాన్ని ముట్టుకోలేదు, అడగలేదు. హెలెన్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"నిన్ను నేను ఇంటి మనిషిలా చూసుకున్నాను పేరూ. ఇంతమంది ముందు నన్నిలా చేస్తావా?"

పేరమ్మక్కకు నా అనువాదం అక్కర్లేకపోయింది. "నో ఫ్యామిలీ," అంది హెలెన్ మొహంలోకి చూస్తూ. "ఫ్యామిలీ, ఐ క్రై, యూ క్రై. ఖలాస్." అని గుమ్మం వైపు నడిచింది.

పక్క హాల్లో ఆట ఎప్పుడో మొదలైపోయింది. టికెట్లు నా సంచిలోనే ఉండిపోయాయి. బస్సులో మాది పక్కపక్క సీటే అయినా అబుదాబి దాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. దిగే ముందు మాత్రం అంది: "రెండోసారి బాగానే చెప్పావు. కానీ మొదటిసారి మార్చేశావు చూడు, అది నాకు పోవట్లేదు."

తప్పయిందన్నాను. ఆవిడ సంచి తీసుకుని దిగిపోయింది.

రెండు వారాల తర్వాత సల్మా నాకు మెయిల్ పెట్టింది. ప్రదర్శన కోసం అచ్చేసిన పుస్తకంలోంచి, ఇంటర్నెట్‌లోంచి కూడా ఆ ఫోటో తీసేశారట. వెంటనే పేరమ్మక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"సరే," అంది. అవతల కుక్కర్ కూత వినబడింది. "పనుంది, ఉంటాను."

ముసలావిడను ఇప్పటికీ ఆవిడే తీసుకొస్తుంది. సూది గుచ్చేటప్పుడు ఆ ముసలావిడ కోపంతో ఏదైనా అంటే, అన్నది అన్నట్టుగా డాక్టరుతో చెబుతున్నాను. పేరమ్మక్క కుర్చీలోంచి వింటూ ఉంటుంది. నాతో ఇంకా మునుపటిలా మాట్లాడటం లేదు.