ఎండాకాలంలో నిండిన చెక్‌డ్యామ్

పొద్దున బయల్దేరుతుంటే మా ఆవిడ నా మీద విసుక్కుంది, వీధికి మూడు రోజులుగా నీళ్ల ట్యాంకర్ రావట్లేదని.

వాగు బాగుకోసం ప్రభుత్వమిచ్చిన డబ్బుతో కట్టిన చెక్‌డ్యామ్ తనిఖీకి వెళ్లాను. పైన వాగంతా ఎండిన ఇసుక. చెక్‌డ్యామ్ మాత్రం నిండుకుండలా ఉంది.

"ఊట నీళ్లు, బావా!" అన్నాడు కాంట్రాక్టరు, మా ఆవిడ తమ్ముడు. నేనింకా ఏమీ అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి వాలకం.

దోసిట్లోకి తీసుకుని వాసన చూశాను. బ్లీచింగ్ పౌడర్ గుప్పుమంది. ఏ ఊటలో ఉంటుందిరా బ్లీచింగ్? గట్టు మీద లారీ టైర్ల జాడలు ఇంకా తడిగానే ఉన్నాయి.

మా ఆవిడకి ఫోన్ చేశాను.

"బిందెలు పట్టుకుని ఇక్కడికొచ్చెయ్. మన వీధి నీళ్లు మీ తమ్ముడి చెక్‌డ్యామ్‌లో ఉన్నాయి."