గట్టు మీద గంటంబావు

నేను ఒక బుల్లి తవ్వకం మెషిన్ని. రోడ్డు మీద చూసినవాళ్లు పొక్లెయిన్ పిల్ల అంటారు. మూడు టన్నుల బరువు, రెండు ఇనుప పట్టాలు, ఒకే ఒక్క చెయ్యి, దాని చివర పళ్లున్న బకెట్టు. ఇంత బలమున్నా, ఎవరో ఎక్కి లివరు కదిపితే తప్ప బెత్తెడు దూరం జరగలేను. పుట్టుకతోనే బందీని.

ఫ్యాక్టరీవాళ్లు నా ఒళ్లంతా హెచ్చరికలు అతికించి పంపారు. విజయనగరంలో నన్ను కొన్న మొదటి కాంట్రాక్టరు వాటి మీద పసుపు రాసి, బొట్లు పెట్టి, హారతిచ్చాడు. పూజ బ్రహ్మాండంగా జరిగింది. చదివిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. అక్కడ తొమ్మిదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని, చివరికి దాలినాయుడు మాస్టారి చేతికొచ్చాను. ఆయన చిన్న చిన్న పైపులైను పనులు ఒప్పుకుని, ఆ పనుల మీదే మెషిన్ నడపడం నేర్పేవాడు.

ఆయన దగ్గరికి పైడమ్మ వచ్చింది. పదహారేళ్లు మట్టి తట్ట మోసిన మనిషి. మెడ నొప్పితో ఇక మొయ్యలేక, ఈ విద్య పట్టుపడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదన్న భయంతో వచ్చింది. మాస్టారు మూడు రోజులు ఇంజనే స్టార్టు చెయ్యనివ్వలేదు. నా చుట్టూ తిరగమన్నాడు, కింద వంగి చూడమన్నాడు, బెల్టు పెట్టుకోవడం, తియ్యడం వందసార్లు చేయించాడు. "గుంతలో మనిషి దిగేడంటే నీ చేతులు ఒళ్లో ఉండాలి, తల్లీ" అని రోజూ చెప్పేవాడు.

రెండో నెల, ఒక ఇరుకు సందులో మురుగు పైపు పని. మాస్టారు వేరే పని చూడ్డానికి వెళ్లాడు, సీట్లో పైడమ్మ ఒక్కతే. పైపులు కలిపే అప్పలసూరి ఛాతీలోతు గుంతలోకి దిగాడు. దారికి అడ్డంగా ఉన్నానని ఒక ఆటోవాడు అదే పనిగా హారను కొడుతున్నాడు. ఒక్క అడుగే కదా అని నన్ను జరిపింది పైడమ్మ. కుడి పట్టా కింద గట్టు జారింది.

ఒరిగిపోయాను. పైడమ్మ ఏం ఆలోచించిందో గాని, నా చేతిని చాచి బకెట్టును అవతలి గట్టు మీద గట్టిగా ఆన్చింది. అంతటితో ఆగాను. ఇంజను ఆపేసి, లివర్లు పనిచెయ్యకుండా తాళం మీట లేపింది. కింద సూరి మోకాలి వరకు మట్టిలో కూరుకుపోయాడు. సరిగ్గా అతని తల మీద నేను.

"దూకేయే పైడమ్మా!" సందంతా ఒకటే కేక.

"నాను దిగితే బరువు మారిపోతాది, మావ మీదకి పడిపోతాది! ఎవులూ దగ్గరికి రాకండి. మాస్టారికి ఫోను చెయ్యండి."

గుంతలోంచి సూరి పిలిచాడు. "కాలు రాట్లేదే అమ్మా."

"కదలకు మావా. నానూ కదల్ను."

గంటంబావు. ఆమె చెమట నా సీటులోకి ఇంకింది. గట్టు నుంచి మట్టి పెళ్లలు ఊడినప్పుడల్లా ఊపిరి బిగపట్టేది. నిలబడి చూసేవాళ్లలో సగంమంది ఫోన్లెత్తి వీడియో తీసుకున్నారు. మనుషులకు చేతులు ఖాళీగా ఉండడం ఇష్టం ఉండదు కదా! చివరికి మాస్టారు పెద్ద మెషిన్ తెచ్చి నన్ను వెనక నుంచి గొలుసులతో బిగించాడు. అప్పుడు నలుగురు దిగి పారలతో, చేతులతో మట్టి తోడి సూరిని లాగారు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. పైడమ్మను దింపబోతే ఆమె వేళ్లు సీటు పట్టు వదల్లేదు. ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

మర్నాడు పని చేయించే ఇంజనీరు కాగితాలు పట్టుకొచ్చాడు. "పాత మెషిన్, బ్రేకు పట్టలేదని రాసేస్తాను. అందరికీ మంచిది."

పైడమ్మ తల దించుకునే చెప్పింది. "బ్రేకు బాగానే ఉంది బాబూ. గుంతలో మనిషుండగా జరిపింది నాను."

ఆమెను మూడు నెలలు పని నుంచి ఆపేశారు. మళ్లీ తట్ట ఎత్తుకుందని విన్నాను. చెయ్యి వంగిపోయిన నన్ను రేకుల షెడ్డులో ఒక మూలకి నెట్టారు. ఎవరూ ఎక్కరు, ఎవరూ కదపరు. ఎలకలు సీటు దూది పీకుతుంటే తోలలేను. అయినా ఒక్కటి చెబుతాను. పదకొండేళ్లలో ఎందరో తమ తప్పుల్ని నా మీద వేసి ఇంటికెళ్లారు. తన తప్పును తన మీదే వేసుకుని వెళ్లిన మనిషిని ఒక్కరినే చూశాను.