అమ్మను తోల్కరా

మాసయ్య ఈల నోట్లో పెట్టుకోకముందే ఆటో ఆగింది. ఆగక ఏం చేస్తుంది? వీధి మధ్యలో ఆరడుగుల మనిషి కుడిచెయ్యి అడ్డంగా చాచి నిలబడితే ఆటో ఏం ఖర్మ, ఆర్టీసీ బస్సయినా ఆగాల్సిందే. ఎడమచేత్తో అతను బడిపిల్లలను అవతలికి దాటిస్తున్నాడు. వాళ్ళలో ఒక చిన్నదాని చెప్పు ఊడింది. అది నడివీధిలోనే చతికిలబడి తొడుక్కోబోయింది.

"లే బిడ్డా, గీడ కాదు. అవుతలికి పోయి తొడుక్కో," అన్నాడు మాసయ్య.

పిల్ల చెప్పు చేతపట్టుకుని పరుగెత్తింది. అది బడి గేటు దాటేదాకా అతను చాచిన చెయ్యి దించలేదు. ఆటోవాడు హారన్ మీద చెయ్యి వేసి, ఎందుకొచ్చిన గొడవలే అనుకుని తీసేశాడు.

వనపర్తి టీచర్ల కాలనీలో ఈ రెండో వీధి ఇంత తొక్కుడు ఎన్నడూ ఎరగదు. ఆడవాళ్ళు చాప పరిచి వడియాలు ఆరబెట్టుకునే వీధి. వానాకాలం చివర్లో మెయిన్ రోడ్డును వెడల్పు చేస్తామని తవ్వి పోసినప్పటి నుంచి ఊళ్ళో బండ్లన్నీ దీన్ని అడ్డదారి చేసుకున్నాయి. ఆటోలు, ట్రాక్టర్లు, కాలేజీ కుర్రాళ్ళ మోటారుసైకిళ్ళు చిన్నపిల్లల బడిని రాసుకుంటూ పోతున్నాయి. కాలనీ వాళ్ళు గుంపుగా పోయి మొరపెట్టుకుంటే ఎస్సైగారు మాసయ్యను పంపారు. కానిస్టేబుల్‌ను పంపేంత పెద్ద వీధి కాదు, ఎవరినీ పంపకుండా ఊరుకునేంత చిన్న గోల కాదు. అందుకని హోంగార్డు.

హోంగార్డుకు చలానా రాసే అధికారం లేదు. కేసు పెట్టే అధికారం అసలే లేదు. ఒంటిమీద ఖాకీ ఉంటుంది, ఆ ఖాకీకి ఉండాల్సిన జోరు మాత్రం ఉండదు. అధికారం లేనివాడు ఉపాయం వెతుక్కోవాలి కదా. మాసయ్య తన చట్టం తానే చేసుకున్నాడు. జోరుగా వచ్చిన కుర్రాణ్ణి ఆపుతాడు. బండి తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. "అమ్మను తోల్కరా," అంటాడు. కుర్రాడు బతిమాలినా, బెదిరించినా, కాళ్ళు పట్టుకున్నా ఇంకో మాట ఉండదు.

నాయనను ఎందుకు పిలవవని కాలనీలో ఉండే రిటైర్డ్ మాస్టారు శాంతయ్య ఒకసారి అడిగాడు.

"నాయిన అంటే ఫోను వస్తది సారూ. అమ్మ అంటే మనిషి వస్తది," అన్నాడు మాసయ్య.

నిజంగానే అమ్మలు వచ్చేవారు. చేతికి జొన్నపిండి అంటుకుని ఒకామె, సగం జడ వేసుకుని ఒకామె. కొందరు వచ్చీ రాగానే కొడుకు వీపు మోగించేవారు. కొందరు ముందు మాసయ్యను నాలుగు దులిపి, తర్వాత కొడుకును ఎనిమిది దులిపేవారు. ఎట్లా అయినా ఆ కుర్రాడు మళ్ళీ ఆ వీధిలో పెళ్ళికొడుకులా నెమ్మదిగా పోయేవాడు. ఒకడు మాత్రం తెలివి మీరి, గోంగూర అమ్మే రుక్కమ్మను అమ్మగా నిలబెట్టాడు. "నీ కొడుకు పేరేందమ్మా?" అని మాసయ్య అడిగితే ఆమె గంప దించి, "ఏమో సారూ, అమ్మనని చెప్పమన్నడు గానీ పేరు చెప్పలే," అంది. ఆనాటి నుంచి రుక్కమ్మ ఈ మలుపు దగ్గరికి రాగానే "ఇయ్యాల ఎవరికన్న అమ్మ గావాల్నా?" అని కేకేసి నవ్విస్తూ పోతుంది.

మాసయ్య పుట్టింది పెద్దమందడి పక్క పల్లెలో. పెరిగింది మాత్రం ఊరూపేరూ లేని రోడ్ల పక్కన. అమ్మానాయనలు గుంపు మేస్త్రీ వెంట వలసపోయిన పాలమూరు కూలీలు. గుజరాతులో కంకర కొట్టారు, మహారాష్ట్రలో తారు పోశారు. చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకున్న మాసయ్య కాస్త నడక రాగానే తట్ట అందుకున్నాడు. దేవమ్మను చేసుకున్నది కూడా పనిదగ్గరే, తారు పీపాల నడుమ. ఇద్దరూ ఎన్ని రోడ్లు వేశారో వాళ్ళకే గుర్తులేదు. వేసిన ఏ రోడ్డు మీదా బస్సెక్కి పోయింది లేదు. రోడ్డు నల్లగా, నున్నగా తయారైందంటే గుడిసె పీకే వేళయిందని అర్థం. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ రోడ్డు మీద ఇంకెవరో పోతుండేవారు.

ఎత్తు చూసి ఎవరో హోంగార్డుల్లో చేర్పించారు. బందోబస్తులు, జాతరలు, ఓట్ల డ్యూటీలు ఎన్నో చేశాడు. కానీ ఒకే రోడ్డు మీద ఇన్నాళ్ళు నిలబడడం ఇదే మొదలు. ఈ వీధిలో పిల్లలు అతన్ని పేరు పెట్టి పిలుస్తారు. ఎండ పెరిగితే ఎవరో ఒకరు మజ్జిగ తెచ్చిస్తారు. ఈ వీధి తనదని అతను ఎవరితోనూ అనలేదు గానీ అనుకున్నాడు. రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంచితే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగనని దేవమ్మతో మాత్రం అన్నాడు.

ఆ రోజు ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు గేటు బయటి జామకాయల బండి మీదికి ఎగబడ్డారు. అప్పుడే మలుపు తిరిగింది కొత్త మోటారుసైకిల్. హ్యాండిల్‌కు పూలదండ, ముందు చక్రానికి నిమ్మకాయ చితికిన మరక ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఈల విని కూడా బండి ఆగలేదు. మాసయ్య చెయ్యి చాపే పని మానేసి ఒక్క దూకు దూకి, అడ్డంగా పోతున్న పిల్లవాణ్ణి చొక్కా పట్టి లాగాడు. బండి చక్రం వాడు నిలబడిన చోటి మీదుగా పోయి, జారి, ఆగింది. పిల్లవాడికి చొక్కా గుండీలు ఊడిపోవడం తప్ప ఏమీ కాలేదు. మాసయ్య వాణ్ణి గేటు లోపలికి పంపాడు. నేరుగా నడిచిపోయి బండి తాళంచెవి తీశాడు.

"నేనెవరి కొడుకునో తెల్సా?" అన్నాడు కుర్రాడు.

"గది తెల్సుకుందామనే అడుగుతున్న. అమ్మను తోల్కరా."

"మా నాయిన వెంకటన్న, కాంట్రాక్టరు. గా మెయిన్ రోడ్డు పని మాదే."

"మంచిగైంది. అమ్మను తోల్కరా."

కుర్రాడి పేరు శ్రవణ్ కుమార్. సెల్‌ఫోను చెవిన పెట్టుకుని, వెనక్కి వెనక్కి చూస్తూ నడిచిపోయాడు. మాసయ్య బండిని గోడవారగా నిలబెట్టి, దానికి నీడ తగిలేలా జరిపాడు. కోపం కుర్రాడి మీద గానీ బండేం చేసింది?

మధ్యాహ్నం కానిస్టేబుల్ శ్రీశైలం స్కూటరేసుకుని వచ్చాడు. మంచివాడే, కానీ చెడ్డ కబుర్లన్నీ అతనితోనే పంపిస్తారు.

"మాసన్నా, గా తాళంచెవి ఇచ్చెయ్యంటున్నరు సారు. పైనుంచి ఫోనొచ్చిందంట." కాసేపు స్కూటర్ అద్దం తుడిచాడు. "రేపు పొద్దుగాల నిన్ను మన్ననూర్ చెక్‌పోస్టుకు పొమ్మన్నరు. ఫారెస్టోళ్ళ దగ్గర డ్యూటీ."

మాసయ్యకు అడవి అంటే భయం లేదు, పులి అన్నా లేదు. ఈ వీధి పోతుందనే బాధ.

"ఈడికి ఎవరొస్తరు?"

"ఎవరూ రారన్నా. మంది తక్కువున్నరు."

మాసయ్య బడి గేటు వంక చూస్తూ, "పొమ్మంటె పోత. డ్యూటీ వాళ్ళది, ఎక్కడేసినా చేస్త. తాళంచెవి మాత్రం అమ్మకే ఇస్త," అన్నాడు.

"ఎందుకన్నా పరేషాన్? ఎట్లాగూ పోతనే ఉన్నవు గదా."

"పోతున్ననని మాట మారుస్తనా? గిప్పుడు ఇస్తె ఇంతకుముందు వచ్చిన అమ్మలందరూ పిచ్చోళ్ళా?"

శ్రీశైలం స్కూటర్ తిప్పుకుని, "నువ్వు ఒప్పుకోలేదని చెప్త. జర జాగ్రత్త," అని వెళ్ళిపోయాడు.

బడి వదిలే వేళకు వీధి చివర ఒకామె కనిపించింది. బంగారు గాజులు, పట్టంచు చీర, చీలమండలదాకా దుమ్ము. ఆమె ఇంటి ముందు కారు నిలబడి ఉంటుందని ఊరంతటికీ తెలుసు. ఆమె నడిచే వచ్చింది. వెనకాల శ్రవణ్ కుమార్ తల దించుకుని వస్తున్నాడు. ఆమె రేణుకమ్మ, కాంట్రాక్టరు వెంకటన్న భార్య.

"వీడు నన్ను పిల్వలే మాసన్నా. వీళ్ళ నాయిన ఫోన్ల అరుస్తుంటె విన్న. అమ్మను తోల్కరమ్మన్నవంట గదా, నేనే వచ్చిన. ఏమనేదుంటె అను."

మాసయ్య అప్పుడే గేటు నుంచి వస్తున్న పిల్లవాణ్ణి పిలిచి, గుండీలు లేని చొక్కాను చూపించాడు. చక్రం ఎక్కడిదాకా వచ్చిందో బూటుతో గీత గీసి చూపించాడు. రేణుకమ్మ ఆ గీతను చూసింది, పిల్లవాడి తల నిమిరింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాళంచెవి అందుకుని కొడుక్కి ఇవ్వలేదు, కొంగున ముడి వేసుకుంది.

"నిన్ను అడవికి తోలిండ్రంట. మా ఆయనకు చెప్పి ఆపిస్త."

"వద్దమ్మా," అన్నాడు మాసయ్య వెంటనే. "సిఫారసు మీద పొయ్యేటోడు సిఫారసు మీద నిలబడొద్దు. రేపటి నుంచి పిల్లలకు ఏం మొఖం చూపిస్త?"

"మరి ఈడ రేపటి నుంచి ఎవరుంటరు?"

మధ్యాహ్నం నుంచి అతన్ని తొలుస్తున్నది ఆ ప్రశ్నే. మెయిన్ రోడ్డు వైపు నుంచి తారు వాసన వస్తోంది. మాసయ్య అటు తిరిగి ముక్కుపుటాలు ఎగరేశాడు. అతని ముఖంలో నవ్వు లాంటిది కదిలింది.

"అమ్మా, అడగమంటె ఒకటి అడుగుత. మీ పని కాడ నాలుగు తట్టల తారు కంకర ఇప్పించు."

అక్కడి మేస్త్రీ బుచ్చన్న పెద్దమందడి వాడే, మాసయ్యకు వరసకు బావమరిది. రేణుకమ్మ మాట చెప్పగానే తోపుడు బండి నిండా పొగలు కక్కే కంకర పంపాడు, పార, కంకరను అణగ్గొట్టే దిమ్మిస కూడా ఇచ్చాడు. మాసయ్య ఖాకీ చొక్కా విప్పి గోడ మీద ఆరేసి, బనీను మీద వీధిలోకి దిగాడు. తారు అంటకుండా పారకు డీజిల్ రాశాడు. బడి గేటుకు కాస్త ఇవతల, వీధికి అడ్డంగా తారు కంకర పరవడం మొదలుపెట్టాడు.

శాంతయ్య మాస్టారు కర్ర పట్టుకుని వచ్చాడు. "పర్మిషన్ ఉందా మాసయ్యా?"

"ఉన్నన్నాళ్ళు దేనికీ పర్మిషన్ లేకపాయె. పొయ్యేటప్పుడెందుకు సారూ?"

మాస్టారు వీధి అటు చివరకు పోయి కర్ర అడ్డం పెట్టి బండ్లను ఆపడం మొదలుపెట్టాడు.

కబురు అందుకుని దేవమ్మ బట్టల సంచీ, రొట్టెల మూట పట్టుకుని వచ్చేసరికి మొగుడు చమటలు కక్కుతున్నాడు. ఆమె మూట దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గీ పని ఇడిసిపెట్టినవనుకున్న."

"చెయ్యి ఇడిసిపెట్టలే," అన్నాడు.

"గట్లనేనా పోసేది? నడుమ పల్చగైంది సూడు," అంటూ దేవమ్మ కొంగు తలకు చుట్టుకుని తట్ట అందుకుంది. ఆమె పోస్తే అతను పారతో సర్దాడు, అతను వెనక్కి జరిగితే ఆమె దిమ్మిస అందించింది. ఇంట్లో ఉప్పు డబ్బా కోసం కూడా పోట్లాడుకునే ఇద్దరు ఆ పని చేస్తున్నంతసేపు ఒక్కసారైనా ఒకరికొకరు అడ్డం రాలేదు. బడి ముగిసినా పోని పిల్లలు గోడ ఎక్కి కూర్చుని చూశారు. మాసన్న పోలీసు కదా, ఇదెప్పుడు నేర్చుకున్నాడని వాళ్ళకు ఒకటే వింత.

బండ్ల జోరు తగ్గించే గడ్డ తయారైంది. మాసయ్య దిమ్మిసతో చివరి దెబ్బ వేసి, చేతులు కడుక్కుని, ఖాకీ చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాడు. అది గట్టిపడేదాకా వీధి మధ్యలో చెయ్యి చాచి నిలబడ్డాడు. గట్టిపడ్డాక కూడా ఆ చెయ్యి దించడానికి మనసొప్పలేదు. దేవమ్మ చూసింది గానీ చూడనట్టే మూట సర్దుకుంది. ఇన్ని రోడ్లు వేసి ఏనాడూ ఏడవని మనిషి, ఇంత చిన్న గడ్డ వేసి కళ్ళు తుడుచుకున్నాడు.

"అచ్చంపేట బస్సుకు టైమైతుంది. పొద్దుగాల్లకు మన్ననూర్ల ఉండాలె గదా," అందామె.

"పా," అన్నాడు. మాస్టారికి దండం పెట్టాడు, గోడ మీది పిల్లలను "ఇగ ఇండ్లకు పోండ్రి" అని అదిలించాడు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచిపోయారు. మలుపు దగ్గర అతను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

పొద్దు గూట్లో పడుతుండగా ఒక మోటారుసైకిల్ అలవాటుగా దూసుకొచ్చింది. అడ్డంగా నల్లటి గడ్డ కనిపించగానే గట్టిగా బ్రేకు పట్టి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి, బుద్ధిగా పోయింది. వీధిలో చలి మొదలైంది. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి, గడ్డను ఒక చివర నుంచి వాసన చూసుకుంటూ నడిచి, నడుమ దాన్ని ఆనుకుని ముడుచుకుని పడుకుంది. గడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.