ఇన్నమ్మకు కొట్టని గంట

జయరాజ్ అంకుల్ నా షాపు మెట్లెక్కుతుంటే ముందు ఆయన ఆయాసం వినిపించింది, తర్వాత ఆయన కనిపించాడు. చంకలో నల్లటి లాప్‌టాప్ బ్యాగు. మూడేళ్లుగా నేను ఎదురుచూస్తున్న మనిషి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. కుర్చీ చూపించాను, మంచినీళ్లిచ్చాను. నాలో ఏం ఉడుకుతోందో మొహంలో కనపడనివ్వలేదు.

కొత్తగూడెం బస్టాండ్ వెనక గల్లీలో, బషీర్ మామ గడియారాల దుకాణం పైగదిని కిరాయికి తీసుకుని నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. ఊళ్లో ఇంకో రెండు షాపులున్నాయి. అంకుల్ ముందు అక్కడికే వెళ్లాడట. కంపెనీ వాళ్లిచ్చిన సీడీలు లేకుండా ఇది ఎక్కదు, హైదరాబాద్ పంపాలి, ఇరవై రోజులు పడుతుంది అన్నారట వాళ్లు. ఆయన దగ్గర ఇరవై రోజులు లేవు. మా చర్చి యాభయ్యేళ్ల పండుగ డిసెంబరు ఇరవై మూడున. ఆ రోజు బిషప్ గారి చేతుల మీద పుస్తకం విడుదల. అందులో చర్చి మొదలైనప్పటి నుంచి ఉన్న నాలుగు వందల పన్నెండు కుటుంబాల పేర్లూ రావాలి. పాత రిజిస్టరుకు చెదలు పట్టింది. కమిటీ సెక్రటరీగా అంకుల్ ఎనిమిది నెలలు ఇల్లిల్లూ తిరిగి, ఒంటి వేలితో అన్నీ ఈ లాప్‌టాప్‌లో కొట్టాడు. సోమవారం ఖమ్మం ప్రెస్సుకు ఇవ్వాలి. ఇప్పుడేమో స్విచ్చి వేస్తే నల్ల తెర మీద ఒక్క తెల్ల గీత కొట్టుకుంటోంది.

సీడీలు ఏమయ్యాయని అడిగాను. బోధకు వచ్చిన విదేశీ అయ్యగారు లాప్‌టాప్ ఇచ్చినప్పుడు బ్యాగులో మూడు ఉండేవట. అంకుల్ వాటిని ఇంట్లో పాటల ప్లేయర్‌లో వేసి చూశాడు. మూడింట్లో ఒక్కదాన్నుంచీ పాట రాలేదు. పనికిరానివి అనుకుని పోయిన క్రిస్మస్‌కు చర్చి నక్షత్రానికి ఫెవికాల్‌తో అతికించాడు, దీపాల వెలుగుకు మెరుస్తాయని. పోయిన వారం ఆ నక్షత్రాన్నే మళ్లీ గంట గోపురానికి కట్టారు. ఏడాదిగా చర్చి వెనక ఎండకూ వానకూ ఉండి గీతలు పడి, జిగురు ఎక్కి, ఆ సీడీలు ఇప్పుడు నిజంగానే పనికిరానివి.

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

అంకుల్ మీద నా కోపం ఏమిటో చెప్పాలి. మా అమ్మ పేరు ఇన్నమ్మ. చర్చి హాస్టల్లో ఇరవై రెండేళ్లు వంట చేసింది. చివర్లో జబ్బు ముదిరి, దవాఖానా వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక రెండు నెలలు మంచం మీదే ఉంది. ఆ రెండు నెలల్లో సెక్రటరీ గారు ఒక్క పూట వచ్చి ప్రార్థన చేసిన పాపాన పోలేదు. బషీర్ మామ భార్య బేగం అత్త మాత్రం రోజూ వచ్చి అమ్మ ఒళ్లు తుడిచేది, జావ తాగించేది. ఒకరోజు దర్గాకు వెళ్లి పచ్చ దారం తెచ్చి అమ్మ మణికట్టుకు కట్టింది. అమ్మ వద్దనలేదు. ఆ చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. సభ్యులెవరైనా పోతే గోపురం గంట కొడతారు, వాళ్ల వయసు ఎన్నేళ్లయితే అన్నిసార్లు, ఒక్కో దెబ్బ మధ్య మనిషి మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలేంత ఆగి. క్వార్టర్లలో జనం చేతిలో పని ఆపి లెక్కపెడతారు. లెక్కను బట్టే పోయింది ఎవరో పోల్చుకుని బయల్దేరతారు. అమ్మ పోయినప్పుడు యాభై ఎనిమిది కొట్టాలి. అంకుల్ వచ్చి దుప్పటి తీసి చూసి, దారం తెంపితేనే గంట అన్నాడు. తెంపనన్నాను. ఆయన గోపురం గదికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. గంట మోగలేదు కాబట్టి చాలామందికి అమ్మ పోయినట్టే తెలియలేదు. పెట్టె మోయడానికి ఆరుగురు కూడా రాలేదు. ఒక మూల బషీర్ మామ పట్టాడు, ఇంకో మూల నేను పట్టాను.

ఆ మనిషి ఇప్పుడు నా ముందు కూర్చుని, "ఎట్లన్న చెయ్యి గ్రేసమ్మా, పరువు పోతది" అంటున్నాడు. మూడేళ్ల కింద నేను ఆయన ఇంటి గడపలో నిలబడి ఎంత బతిమాలానో ఆయనకు గుర్తున్నట్టు లేదు. శుక్రవారం రమ్మని పంపించాను.

పని మాత్రం నిజాయితీగా చేశాను, చేతి పనిలో నాకు దొంగతనం రాదు. ముందు లాప్‌టాప్ అడుగున స్క్రూలు విప్పి హార్డ్‌డిస్క్ బయటికి తీసి, నా కంప్యూటర్‌కు తగిలించాను. పెన్‌డ్రైవ్‌ల ద్వారా వచ్చే వైరస్ విండోస్‌ను తినేసింది కానీ ఫైళ్లు బతికే ఉన్నాయి. అన్నీ నా దగ్గర కాపీ చేసుకున్నాను. ఆ తర్వాత రిజిస్టరు ఫైలు తెరిచాను. చూడకుండా ఉండలేకపోయాను. హాస్టల్ పనివాళ్ల వరసలో వాచ్‌మన్ ఉన్నాడు, నీళ్లు మోసినావిడ ఉంది, రెండు నెలలు పనిచేసి మానేసినవాడు కూడా ఉన్నాడు. అమ్మ లేదు.

షిఫ్ట్ మీద ఒక వేలు, డిలీట్ మీద ఒక వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆయన డిస్క్‌లో ఒకసారి, నా కాపీలో ఒకసారి నొక్కితే ఎనిమిది నెలల పని మట్టిలో కలిసిపోతుంది. కానీ అందులో అమ్మకు సమాధి తవ్విన సవరయ్య తాత పేరు కూడా ఉంది. వేళ్లు తీసేశాను.

తర్వాత రెండు రోజులు ఆ లాప్‌టాప్‌తోనే గడిచాయి. విండోస్ ఎక్కించాలంటే పాతిక అక్షరాల కీ కావాలి. అది లాప్‌టాప్ అడుగున చీటీ మీద ఉంటుంది. అంకుల్ సరిగ్గా దాని మీదే చర్చి స్టిక్కర్ అతికించాడు. గోటితో, తడిగుడ్డతో గంటసేపు గీకితే కీ బయటపడింది. నా దగ్గరున్న సీడీ ఆ కీని ఒప్పుకోలేదు, ఆ కంపెనీ సీడీయే కావాలంది. ఖమ్మంలో నాతో కోర్సు చేసిన క్రాంతికుమార్ దగ్గర అలాంటిది ఉంటే, బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపమన్నాను. అది వేస్తే నీలం తెర వచ్చి, అసలు హార్డ్‌డిస్కే లేదు పొమ్మంది. లోపలి సెట్టింగుల్లో ఒకదాన్ని పాత పద్ధతికి మారిస్తే అప్పుడు కనికరించింది. సౌండుకు, తెరకు కావలసిన డ్రైవర్లు నెట్ సెంటర్‌లో కూర్చుని దించుకుని వచ్చాను. గురువారం సాయంత్రానికి లాప్‌టాప్ లేచి కూర్చుంది. ఫైళ్లు తిరిగి అందులో వేసి రిజిస్టరు తెరిచాను.

ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీ నిండా ఇంగ్లిషు ముక్కలు, కొక్కేలు, చుక్కలు, పిచ్చి గీతలు.

నాకు చూడగానే అర్థమైంది. ఆ రిజిస్టరు కొట్టింది ప్రెస్సువాళ్ల తెలుగు ఫాంటులో. పాత విండోస్‌తో పాటే ఫాంటు కూడా పోయింది. అది నా కంప్యూటర్‌లో ఉంది కాబట్టి అక్కడ పేర్లు కనిపించాయి. దాని సీడీ నా సొరుగులోనే ఉంది. రెండు నిమిషాల పని. సొరుగు లాగాను. సీడీని చూశాను. మళ్లీ మూసేశాను.

శుక్రవారం అంకుల్ వచ్చాడు. లాప్‌టాప్ వెలగడం చూసి ఆయన మొహం కూడా వెలిగింది. రిజిస్టరు తెరిచి ఆయన వైపు తిప్పాను. ఆయన కిందికి జరిపాడు, ఇంకా కిందికి జరిపాడు. నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు చెప్పాలి, కడుపు నిండినట్టయింది.

"ఏంది బిడ్డా ఇది? పేర్లన్నీ ఏడికి పోయినయ్?"

"మీరు తీసేసింది ఒక్క పేరు అంకుల్. గిప్పుడు అందరియి పోయినయ్."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. మూడేళ్లలో మొదటిసారి నన్ను ఇన్నమ్మ కూతురిగా చూశాడనిపించింది. మళ్లీ తెప్పించగలవా అని మెల్లగా అడిగాడు. తెప్పించగలనన్నాను. ఎంత తీసుకుంటావన్నాడు. పైసలు వద్దన్నాను.

"ఆదివారం ఆరాధన అయినంక మా అమ్మకు గంట కొట్టాలె. వేరేటోళ్లతోని కాదు, మీరే తాడు గుంజాలె. యాభై ఎనిమిది. ఎవలు పోయిన్రని అడిగినోళ్లకు మీ నోటితోనే చెప్పాలె."

ఆయన లేచి వెళ్లిపోయాడు, లాప్‌టాప్ నా దగ్గరే వదిలేసి. దాన్ని ఖమ్మం పట్టుకెళ్లి ఉంటే ప్రెస్సువాళ్లు చూడగానే నవ్వి ఫాంటు వేసి ఇచ్చేవారు. ఆయనకు ఆ ఆలోచన రాకూడదని రెండు రోజులూ దేవుణ్ణి వేడుకున్నాను. అలాంటి ప్రార్థనలు దేవుడు వింటాడో లేదో నాకు తెలియదు. ఆ రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆదివారం నేను లోపలికి వెళ్లలేదు. బేగం అత్తను వెంటబెట్టుకుని చర్చి గేటు బయట నిలబడ్డాను. ఆరాధన ముగిసి జనం మెట్లు దిగుతుండగా మొదటి దెబ్బ పడింది. అందరూ ఆగిపోయారు. రెండోది, మూడోది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. బేగం అత్త తస్బీ మాల తీసి ఒక్కో దెబ్బకు ఒక్కో పూస జరుపుతోంది. గోపురం కింద అంకుల్ కోటు విప్పేసి తాడు లాగుతున్నాడు. ఆయన నెత్తిమీద నక్షత్రంలో ఆ మూడు సీడీలు ఎండకు తళుక్కుమంటున్నాయి.

నలభై దాటాక ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆగుతాడేమో అనుకున్నాను. ఆగితే రిజిస్టరు సంగతి మర్చిపొమ్మని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆగలేదు. యాభై ఎనిమిదోది మోగాక తాడు వదిలేసి గోడకు ఆనుకున్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. యాభై ఎనిమిదేళ్ల వాళ్లెవరు, నిన్నటిదాకా అందరూ బాగానే ఉన్నారు కదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సవరయ్య తాత కర్ర పోటేసుకుంటూ ఆయన దగ్గరికి నడిచి, అడగాల్సింది అడిగాడు.

"ఇన్నమ్మ," అన్నాడు అంకుల్. "హాస్టల్ల వంట చేసిన ఇన్నమ్మ. అప్పుడు నేను కొట్టనియ్యలే."

హాస్టల్లో అమ్మ చేతి అన్నం తిని పెరిగినవాళ్లు ఆ జనంలో సగం మంది ఉంటారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సవరయ్య తాత అంకుల్‌ను కిందికీ పైకీ ఒకసారి చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ చూపు కోసమే నేను మూడేళ్లు ఆగాను.

సాయంత్రం అంకుల్ షాపుకు వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయన ముందే సొరుగు తీసి సీడీ వేసి ఫాంటు ఎక్కించాను, రిజిస్టరు తెరిచాను. నాలుగు వందల పన్నెండు కుటుంబాలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆయన గోడ గడియారం వైపు చూశాడు, తెర వైపు చూశాడు.

"ఇంతేనా గ్రేసమ్మా? రెండు నిమిషాల పనేనా?"

"అవ్ అంకుల్. నాది రెండు నిమిషాలు. మీది పావుగంట. గా పావుగంటకే మూడేండ్లు పట్టింది."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, వస్తే రెండు మాటలు అనాలని కూడా దాచి ఉంచుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నేను అడగలేదు. హాస్టల్ పనివాళ్ల వరసకు వెళ్లి, కొత్త గీత తెరిచి, బొబ్బలెక్కిన వేలితో ఒక్కో అక్షరం వెతికి మా అమ్మ పేరు కొట్టాడు. పని, వంట. పుట్టిన ఏడు, పోయిన ఏడు. చివర్న ఇతర వివరాలు అనే గడి దగ్గర వేలు ఆగింది. ఇక్కడేం రాయమంటావని నా వైపు చూశాడు.

"చేతికి పచ్చ దారం ఉండెనని రాయుండ్రి. కట్టింది బేగమని రాయుండ్రి."

కింద దుకాణంలో బషీర్ మామ షట్టర్ సగం దించుతున్న చప్పుడు వినిపించింది. అంకుల్ ఆ చప్పుడు వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల వంచుకుని, చేతికి పచ్చ అని కొట్టి, దారంలో ద అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టాడు.