అంటించి ఇచ్చిన చుట్ట

డాక్టరు నన్ను చూస్తూ, మా ఆయన్ని అడిగాడు. "ఆవిడకు పొగ తాగే అలవాటేమైనా ఉందా?"

"ఛఛ! మా ఇంట్లో ఆడోళ్ళకు అట్టాంటి అలవాట్లు ఉండవు సార్."

మా ఆయన చెన్నకేశవులు తెల్లచొక్కా నలగకుండా కుర్చీలో ముందుకు జరిగి, ఊళ్ళో తగవు తీర్చినంత ధీమాగా చెప్పాడు. దగ్గేది నేను. కళ్ళెలో రక్తం పడేది నాకు. మాచర్లలోనూ ఇదే ప్రశ్నకు ఇదే జవాబు చెప్పాడు. పాపం ఆ డాక్టరు నమ్మి, మిరపకాయల ఘాటు పడక వచ్చిన దగ్గన్నాడు. మిరప కోతలప్పుడు మొదలుపెట్టిన మందులు పత్తి గింజలు వేసేదాకా మింగాను. రక్తం ఆగలేదు. చివరికి ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనబడితే నరసరావుపేట తీసుకొచ్చాడు.

అసలు నాకు పొగ నేర్పిందే ఈ ఇల్లు. వెల్దుర్తికి కాపురానికి వచ్చిన కొత్తలో మా మామ అరుగుమీద కూర్చుని, "ఏమే కోటేశ్వరీ, చుట్ట అంటించి పట్టుకురా" అని కేకేసేవాడు. మా వీధిలో కోడళ్ళందరికీ ఉన్న పనే అది. పొయ్యిలో నిప్పు తీసి చుట్ట కొసకు పెట్టి, నోటితో లాగితేగాని అంటుకోదు. మొదటిరోజు వాంతి చేసుకున్నాను. మా అత్త నవ్వి, "దీనికే ఇట్టయితే రేపు పురిటి నొప్పులేం పడతావే?" అంది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఇష్టమైంది, దాచడమెందుకు? ఆ ఇంట్లో నేను కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు. పొయ్యి ముందు చుట్ట అంటిస్తున్నంతసేపే నన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు. అందుకని రెండు దమ్ములు ఎక్కువే లాగేదాన్ని. మామ పోయాక గడ్డివామి వెనక నిలబడి మా ఆయన సిగరెట్లు కాల్చాను. ఆయనకు తెలుసు. "చస్తే చావు గానీ, బయటికి మాత్రం తెలియనియ్యబాక" అన్నాడు.

మనవరాలు పుట్టినప్పుడు మానేశాను. ఎత్తుకోగానే పసిది దగ్గింది, అంతే. బుగ్గన లవంగం పెట్టుకుని, తలకు గుడ్డ బిగించి కట్టుకుని, కూలోళ్ళకు అన్నాలు వండుతూనే మానాను. ఆ సంగతి ఎవరికి చెప్పుకోను? తాగినట్టు ముందు చెప్పుకుంటే కదా! ఆయనా ఆ ఏడే మానాడు, గుండెకు స్టెంటు వేశాక. "మగాడంటే కేశవులు, ఒక్క మాటతో అవతల పారేశాడు" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ నెలల్లో ఆయన చిరాకుకు కూర గిన్నెలు నా మీదికి లేచిన సంగతి ఊరికేం తెలుసు?

కొన్నాళ్ళకే బాత్రూంలో మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకరోజు కోడలు అమూల్య అక్కడ సిగరెట్ పీక చూసి, "ఇదేంది మావయ్యా?" అని అడిగింది. ఆయన గొంతు తగ్గించి, "మీ అత్తదేనమ్మా. పాత అలవాటు. అడిగి బాధపెట్టబాక" అన్నాడు. ఎంత దయో! నేను వసారాలో బియ్యం చెరుగుతూ అంతా విన్నాను. అప్పటినుంచి అమూల్య పిల్లను నా చేతికివ్వలేదు. "పాప పడుకుంది అత్తయ్యా" అని తలుపు దగ్గరికి వేసేది. లోపల పాప ఆడుకుంటున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉండేది. డాక్టర్ల దగ్గర తాగనేలేదన్నాడు, మానేశాక కోడలి దగ్గర తాగుతోందన్నాడు. ఆయన నోటికి ఏది సుఖమైతే అదే నేను.

"తాగాను సార్," అన్నాను.

"ఏమే, ఏం మాట్లాడతన్నావ్?" అన్నాడాయన.

"నన్ను అడగండి సార్. ఊపిరితిత్తులు నావి. కాపురానికి వచ్చినప్పటినుంచి మనవరాలు పుట్టేదాకా తాగాను. ముందు చుట్టలు, తర్వాత సిగరెట్లు. ఇప్పుడు ముట్టుకోను."

డాక్టరు అప్పుడు నావైపు తిరిగాడు. "ఈ మాట ముందే చెప్పుంటే మాచర్లలోనే స్కాన్‌కి పంపేవాళ్ళమ్మా. ఇన్ని నెలలు పోయేవి కాదు." స్కాన్ తీసి, మచ్చలోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు.

బయటికి రాగానే ఆయన పళ్ళు నూరాడు. "నేను నిలబడే ఎలక్షన్లు దగ్గర పడతన్నయ్. ఆ నర్సు మన పక్కూరి పిల్ల. నా పరువు గంగలో కలిపావు గదే!"

"నెలలు పోయినయ్యంట. ఇన్నారా?"

"పోతే పోయినయ్. ఇట్టాంటి మాట బయటికొచ్చినాక నువ్వుంటే ఏంది, పోతే ఏంది?"

కోపంలో అన్నాడేమోనని ముఖంలోకి చూశాను. ఆయన అప్పటికే ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

ఆయన గుండె డాక్టరు అదే ఆసుపత్రిలో పైఅంతస్తులో ఉంటాడు. ఎటూ వచ్చాం కదా అని అక్కడికీ వెళ్ళాం. మెట్లమీద రెండుసార్లు ఆగి, ఎడమ రొమ్ము పట్టుకుని నిలబడ్డాడు. ఆ డాక్టరు ఎప్పుడూ ఆయన మాట నమ్మడు, నన్నే అడుగుతాడు. పోయినసారి నేను "అప్పుడప్పుడూ..." అని నసిగినందుకు మా ఆయన బస్సులో నా మణికట్టు మెలిపెట్టాడు. అయినా ఇంటికొచ్చి ఆయన సిగరెట్ పెట్టెలన్నీ కుడితి తొట్టిలో ముంచాను. పోతాడేమోనని భయం. ఆ భయం ఇవాళ కింద వరండాలోనే పోయింది.

ఈసీజీ కాగితం చూసి డాక్టరు ముఖం ముడుచుకున్నాడు. "మెట్లెక్కితే నొప్పి వస్తోందంటున్నారు. ఈ స్థితిలో ఒక్కటి కాల్చినా ప్రాణం మీదికొస్తుంది. నిజంగానే మానేసుంటే మందులు మార్చి చూస్తాను. తాగుతుంటే మాత్రం ఇవాళే చేర్చుకోవాలి. అమ్మా, మీరు చెప్పండి. ఇంకా తాగుతున్నారా?"

ఆయన ముఖం పాలిపోయింది. బల్ల కింద నా కాలు తొక్కాడు. చొక్కా జేబులో పెట్టె అంచు నాకు కనబడుతోంది.

"ఛఛ! మా ఇంట్లో మగోళ్ళకు అట్టాంటి అలవాట్లు లేవు సార్," అన్నాను.

నా కాలు వదిలేశాడు. కాపురానికి వచ్చాక మొట్టమొదటిసారి, నావంక మెచ్చుకోలుగా చూశాడు.