కణితికి సులువైన యూనిట్

మా అప్ప నూకరత్నం కడుపులో కణితి ఉంది. డాక్టరు స్కానింగ్ ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి చూపిస్తున్నాడు. అందులో అది మోకాలెత్తు గడ్డిలో నిలబడి ఉంది. కొమ్ములు బాగా ఎదిగాయి, ఒక్కోదానికి మూడేసి కొనలు. చెవులు రిక్కించి మా వైపే చూస్తోంది.

"కొండల్లో తిరిగే కణితే, మాస్టారూ. దుప్పి కంటే పెద్దది. మగది" అంటాడు డాక్టరు.

నేను హైస్కూల్లో భూగోళం చెబుతాను. ఏ కొండ మీద ఏ జంతువు ఉంటుందో ముప్ఫై ఏళ్ళుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. అందుకని కంగారు పడకుండా, అది రోజుకి ఎంత మేస్తుందని అడుగుతాను.

"ఆవిడ తిన్నదంతా మేస్తుంది. అది చాలకపోతే ఆవిడని మేస్తుంది."

అప్ప మంచం మీద కూర్చుని గాజులు కిందికి లాక్కుంటోంది. అప్ప అంటే మా వైపు అక్క. పోయిన వారం మణికట్టు దగ్గర ఉండే గాజులు ఇప్పుడు చెయ్యెత్తితే మోచేయి దాటి పైకి పోతున్నాయి. చెయ్యి అంత సన్నబడింది. నేను చూస్తున్నానని గమనించి కొంగు కప్పుకుంటుంది.

డాక్టరు చీటీ మీద "కణితి తీయాలి" అని రాసి నా చేతికిస్తాడు. "మేం గడ్డలైతే కోస్తామండి. ఇది వేట. వరండా చివర వేట యూనిట్ల కౌంటరుంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళే దరఖాస్తు పెట్టాలి. శుక్రవారం అయిదింటికి సీజను మూసేస్తారు."

"మూసేస్తే?"

"మళ్ళీ ఏడాదికి తెరుస్తారు. ఈలోగా ఆ గాజులు భుజం దాటకుండా చూసుకోండి. దాటితే ఇంక నా దగ్గరికి తీసుకురావద్దు."

ఈ రోజు సోమవారం. చీటీని జేబులో పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెడతాను.

వరండా నిన్నటికంటే పొడుగ్గా ఉంది. ఓపీ లైన్లు అయిపోతాయి, మందుల కిటికీ అయిపోతుంది. ఆ తర్వాత గచ్చు పగుళ్ళలోంచి గడ్డి మొదలవుతుంది. ఇంకాస్త నడిస్తే గోడలకి బదులు టేకు చెట్లు నిలబడ్డాయి. వాటి కింద బల్ల వేసుకుని తవిటినాయుడు అనే గుమాస్తా కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, చెవి వెనక పెన్ను.

చీటీని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. "తీయాలని రాసీసినారు గానీ, ఏ తీయడమో రాయలేదేటండి? చీటీ తీయడమా, ప్రాణం తీయడమా, బయటికి తీయడమా?"

"కణితి తీయడం" అంటాను.

"అదే అడుగుతన్నాను."

నాకు ఒళ్ళు మండుతుంది. కానీ దరఖాస్తు అతని దగ్గర ఉంది కాబట్టి నవ్వుతాను. దరఖాస్తులో నిజంగానే "తీయు విధము" అని ఒక గడి ఉంది. అది తర్వాత నింపుకోవచ్చని, ముందు యూనిట్ ఎంచుకోమని అంటాడు.

యూనిట్లు అరవై రెండట. వాటిలో కొన్ని డ్రా యూనిట్లు. పీపాలోంచి చీటీ తీస్తే పేరు రావాలి, అప్పుడే లోపలికి పంపిస్తారు. వేటగాళ్ళు తక్కువ గనక మెకాలు బెదరకుండా నిలబడి ఉంటాయి. మిగతావి జనరల్ యూనిట్లు. వాటికి డ్రా లేదు, ఎవరైనా పోవచ్చు. ఆ సంగతి మెకాలకి కూడా తెలుసు గనక అవి నిలబడవు.

"కణితి మా అప్ప కడుపులో ఉంది కదా. ఇన్ని యూనిట్లెందుకు?"

"ఉన్నది అక్కడే మాస్టారూ. తమరు ఎటునుంచి లోపలికెళ్తారన్నదే యూనిట్టు."

ఇది సబబుగానే ఉంది. ముప్ఫై ఏళ్ళ పట్టికలున్న లావుపాటి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెడతాడు. ఏ యూనిట్‌కి ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరికి వచ్చింది, ఎందరు కణితితో తిరిగొచ్చారు, అన్నీ ఉన్నాయి. నాకు పట్టికలంటే చచ్చేంత ఇష్టం. అప్ప మంచం పక్కన స్టూలు వేసుకుని ఒకటో యూనిట్ నుంచి చదవడం మొదలుపెడతాను.

మంగళవారం సాయంత్రానికి పదహారు యూనిట్లు అవుతాయి. సులువుగా వచ్చేవి ఉన్నాయి గానీ, ప్రతి సులువుకీ ఒక కారణం ఉంది. అయిదో యూనిట్ సులువు, ఎందుకంటే అక్కడ నీళ్ళు లేవు. పన్నెండోది సులువు, ఎందుకంటే అక్కడ కణితులు కూడా లేవు. మార్జిన్లలో పెన్సిలుతో రాసుకుంటాను. అప్ప గాజులు మోచేతికి పైన బిగుసుకుని ఆగుతాయి. కాసేపటికి మళ్ళీ వదులవుతాయి.

"సదివీసేవా తమ్ముడా?" అంటుంది.

"ఇంకా ఉన్నాయి అప్పా. తొందరపడితే తప్పు యూనిట్ పడుతుంది."

"నిదానంగానే సదువు. అన్నం తిన్నావా?"

తినలేదు. అప్పకి తెచ్చిన క్యారేజీ స్టూలు కింద ఉంది. "నాకాకలి నేదురా" అని దాన్ని కాలితో నా వైపు తోస్తుంది. నేను తింటాను. అమ్మ పోయినప్పటినుంచీ ఇలాగే జరుగుతోంది. తన కంచంలోది నా కంచంలోకి తోసి ఆకలి లేదంటుంది, నేను నమ్ముతాను. దాన్ని నమ్మడం చాలా సులువు.

బుధవారం ఇంకో ఇరవై. అప్ప మాట సన్నబడుతోంది. పక్క మంచానికి తోడుగా వచ్చిన ఆవిడ నన్ను చూసి, "ఏదో ఒకటి రాసియ్యండి బాబూ, ఎంతసేపు సూస్తారు?" అంటుంది. ఆవిడకి పట్టికల సంగతి ఏం తెలుసు అనుకుంటాను. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉంది. చదువుతున్నంతసేపూ ఏ యూనిట్టూ తప్పు కాదు. పుస్తకం మూస్తే ఏదో ఒకటి తప్పవుతుంది.

గురువారం మధ్యాహ్నం అరవై రెండూ అయ్యాక, తొమ్మిదో యూనిట్‌ని మళ్ళీ చూసి ఉలిక్కిపడతాను. ఏటా నాలుగు పర్మిట్లు, ఏటా మూడే దరఖాస్తులు. నీళ్ళున్నాయి, కణితులున్నాయి, వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు. ఏ లోపమూ లేదు. ఎవరూ పట్టించుకోలేదు, అంతే. సంతోషం పట్టలేక నవ్వుతూ స్టూలు మీంచి లేచి నిలబడతాను. వార్డులో వాళ్ళందరూ నా మొహం చూస్తారు.

తవిటినాయుడి దగ్గరికి పరుగెత్తి, తొమ్మిదో యూనిట్ అని రాసిస్తాను. నా వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఎవరో మందుల కోసం పోతున్నారనుకుంటాను.

శుక్రవారం పదింటికి డ్రా. టేకు చెట్ల కింద జనం కిక్కిరిసి ఉన్నారు. పీపా తిప్పడానికి ఇద్దరు మనుషులు చాలక నలుగురు పడుతున్నారు.

"ఏ యూనిట్‌కి ఇంతమంది?" అని అడుగుతాను.

"తొమ్మిదికేనండి. నాలుగు పర్మిట్లు, నాలుగొందల ఎనిమిది దరకాస్తులు." తవిటినాయుడు చెమట తుడుచుకుంటాడు. "నిన్న ఎవరో మాస్టారు పుస్తకం సదివి నవ్వీసినారంట. ఆ నవ్వు సూసి ఆస్పత్రంతా వచ్చి పెట్టీసినారు."

నాలుగు చీటీలు తీస్తారు. పక్క మంచం ఆవిడ పేరు వస్తుంది. నా పేరు రాదు. రానివాళ్ళందరికీ తలా ఒక ఓపిక మార్కు ఇస్తారు. దాన్ని నా చొక్కా గుండీకి కట్టి, వచ్చే ఏడాది పనికొస్తుందని చెబుతాడు తవిటినాయుడు. వచ్చే ఏడాది అనే మాట వినగానే అప్ప గాజులు గుర్తొస్తాయి. పక్కనున్న చెట్టు పట్టుకుంటాను.

"ఇంక జనరలే దిక్కు మాస్టారూ."

"ఎక్కడుంది?"

"తమరు నాలుగురోజులబట్టీ కూకున్నారు కదా, అదే. జనరల్ వార్డు."

వరండా పొడవు వల్ల వార్డుకి చేరేసరికి నాలుగున్నర అవుతుంది. జనరల్‌లో తుపాకీ ఇవ్వరట. చేతిలో ఏముంటే దానితోనే పోవాలి. నా చేతిలో పట్టికల పుస్తకం, దరఖాస్తు ఉన్నాయి. మంచాల మధ్య గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. అప్ప నిద్రపోతోంది. గాజులు భుజానికి బెత్తెడు కింద ఉన్నాయి. కిటికీకి ఆనించిన ఫిల్ము అంచు పట్టుకుని, దోమతెరలా పైకెత్తి, లోపలికి వంగుతాను.

లోపల చారు తాలింపు వాసన వేస్తోంది. ఎక్కడా దారి తప్పేలా లేదు. ఎండ కూడా బాగుంది. గడ్డి మధ్యలో ఒక చదును బండ, దాని మీద రెండు సత్తు కంచాలు. ఒకటి ఖాళీగా, కడిగినట్టుగా ఉంది. రెండోదాంట్లో కణితి మూతి పెట్టి అన్నం తింటోంది.

ఆ కంచం అంచున సొట్ట ఉంది. ఆ సొట్ట నేను పెట్టిందే. అన్నం చాల్లేదని చిన్నప్పుడు ఒకసారి విసిరికొట్టాను.

సిగ్గుతో నా చెవులు వేడెక్కుతాయి. కణితి తల ఎత్తి చూస్తుంది. జనరల్ యూనిట్‌లో మెకం నిలబడదని పుస్తకంలో ఉంది గానీ, ఇది నిలబడే ఉంది. దగ్గరికొచ్చి నా చేతిలోని పుస్తకం వాసన చూస్తుంది. అరవై రెండో యూనిట్‌తో మొదలుపెట్టి, వెనకనుంచి ముందుకి ఒక్కో పేజీ నమిలి మింగుతుంది. దాని మెడ నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఇంతకంటే సులువుగా ఏ యూనిట్‌లోనూ దొరకదు.

చెయ్యి చాస్తాను. చాచిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక ఆగిపోతుంది. మెడ పట్టుకుని నడిపించుకుపోవాలా, పిసకాలా? దరఖాస్తు విప్పి చూస్తాను. "తీయు విధము" గడి ఖాళీగానే ఉంది. అరవై రెండు యూనిట్లూ చదివాను గానీ ఆ ఒక్క గడీ నింపలేదు. పెన్సిలు స్టూలు మీదే మరిచాను. పెన్ను కోసం జేబులన్నీ వెతుకుతాను. అది తవిటినాయుడి చెవి వెనక ఉంది.

"ఒక్క నిమిషం" అంటాను కణితితో.

అయిదు గంటలు కొడతారు. కణితి మర్యాదగా ముందుకి వంగి నా కళ్ళజోడు తీసుకుని పెట్టుకుంటుంది. తినగా మిగిలిన పుస్తకం నోట కరచుకుంటుంది. ఫిల్ము అంచు కొమ్ముతో ఎత్తి బయటికి నడుస్తుంది. అంచు దాని వెనక పడిపోతుంది. నేను వెళ్ళి గుద్దుతాను, గోళ్ళతో గీకుతాను, లాగుతాను. అది ఇప్పుడు ఒట్టి ఫిల్ము.

అవతల వార్డంతా మసకగా కనిపిస్తోంది. కణితి వెళ్ళి స్టూలు మీద కూర్చుంటుంది. డాక్టరు వచ్చి దాన్ని పలకరిస్తాడు. "వచ్చేశారా మాస్టారూ?" తర్వాత ఫిల్ముని వెలుగుకి ఎత్తి నిట్టూరుస్తాడు. "లాభం లేదండి. కణితి ఇంకా లోపలే ఉంది."

అప్ప మేలుకుని మొహం దగ్గరగా తెస్తుంది. ఆమె కన్ను ఆకాశమంతా నిండుతుంది.

"ఒలమ్మో. ఈడు మా తమ్ముడు బాబూ."

"మీ తమ్ముడు స్టూలు మీదున్నారమ్మా" అంటాడు డాక్టరు.

అప్ప స్టూలు వైపు చూస్తుంది. "ఆడు కాదు. మా తమ్ముడైతే ఈపాటికి క్యారేజీ అడుగును."

ఇది నిజమే. వద్దు అప్పా, అరవకు, పడుకో, అని అరుస్తాను. గొంతులోంచి ఒక పొడుగాటి కూత వస్తుంది, అంతే. కొండ మీద సాయంత్రం పూట కణితులు అలా కూస్తాయని ఏడో తరగతి పాఠంలో నేనే చెబుతాను.

"సిక్కిపోనాడు" అంటుంది అప్ప. క్యారేజీ ఒళ్ళోకి లాక్కుని మూత తీస్తుంది. "అన్నం కలపండమ్మా ఎవరైనా. నాకాకలేస్తంది."

నేను పుట్టి బుద్ధెరిగాక మా అప్ప నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. వార్డులో అందరూ సంతోషిస్తారు. డాక్టరు కూడా తల ఊపుతాడు.

మొదటి ముద్ద పైనుంచి సొట్ట కంచంలో పడుతుంది. ముట్టుకోను. రెండోదీ ముట్టుకోను. ఆ రెండు ముద్దల అన్నాన్నీ పక్కన ఖాళీగా ఉన్న ఆమె కంచంలోకి తోద్దామని చూస్తాను. తోయడానికి నాకు చేతులు లేవు. డెక్కలు తగిలి అన్నం మళ్ళీ నా కంచంలోనే కుప్ప అవుతుంది. ఫిల్ము అవతల కణితి నా కళ్ళజోడు సర్దుకుని, ఒకటో యూనిట్ పేజీ తీసి, లైను కింద డెక్క ఆనించి, నిదానంగా చదవడం మొదలుపెడుతుంది. మూడో ముద్ద పడుతుంది. నేను ఆకలికి ఆగలేక తల వంచుతాను.

అప్ప నాలుగో ముద్ద కోసం చెయ్యి ఎత్తుతుంది. గాజు ఒకటి మోచెయ్యి దాటి, భుజం దాటి, మెడ పక్కనుంచి లోపలికి జారుతుంది. గడ్డి మీదుగా దొర్లుతూ వచ్చి నా కొమ్ముకి తగులుకుంటుంది. అది మోగితే, గాజు భుజం దాటిందని డాక్టరుకి తెలిసిపోతుంది. నోట్లో అన్నం నోట్లోనే పెట్టుకుని, చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి నిలబడతాను.