ఆటలో లేని అమ్మ

"మూడేండ్ల పోరికి బడేందే? ఇంట్ల జాగ లేదా?" అంది మా అత్తమ్మ పోశవ్వ.

బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న నా కత్తెర ఆగిపోయింది.

ఆ మాటలో కొత్తేమీ లేదు, అన్నది పోశవ్వ కాబట్టి ఆగింది. నిన్నటిదాకా ఇదే మనిషి "నీ బిడ్డ నన్ను కూసోనియ్యది, నిలవడనియ్యది, ఎటన్న తోలే తల్లీ" అని వాడకట్టంతా వినేలా మొత్తుకునేది. ఇవాళ అంగన్‌వాడీ రాజక్క టీచర్ వాకిట్లోకి వచ్చి "మీ మన్వితను మా బడికి పంపుండ్రి, ఆటపాట నేర్పుతం, పగటీలి అన్నం, గుడ్డు పెడుతం" అనగానే ముఖం రంగు మారిపోయింది.

"ఇంట్ల జాగ ఉంటే బడికి పంపరా పోశవ్వా? నీ ఇంట్ల నల్లా ఉన్నదని వానను వద్దంటవా?" అని నవ్వింది రాజక్క. "రజనీ, ఆధార్ కార్డు పట్టుకొని పిల్లను తీస్కరా. బరువు జూసి పేరు రాస్కుంట."

ఆమె గేటు దాటిందో లేదో అత్తమ్మ ఫోన్ తీసుకుని పెరట్లో జామచెట్టు కిందికి నడిచింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటడానికి కూడా నా భుజం పట్టుకునే మనిషి, చకచకా నడిచింది. అక్కడ నుంచి మాట నాకు వినపడదని ఆమె ధీమా. నేను సిరిసిల్లలో సాంచల మధ్య పెరిగినదాన్నని ఆమె మరిచిపోయింది. ఆ మగ్గాల మోతలో మా అమ్మ అన్నానికి పిలిచినా, నాన్న దారం తెమ్మన్నా, పెదవులు చూసే తెలుసుకునేవాళ్లం. మాట వినడం కంటే చూడడమే నాకు ముందు వచ్చింది.

కిటికీలోంచి చూశాను. అత్తమ్మ పెదవులు కదిలాయి.

"పిల్ల బడికి పోతే నోరిడుస్తది."

కత్తెర మళ్లీ ఆకు మీద పెట్టాను, కానీ కోత వంకర పోయింది. మూడేళ్ల పిల్ల నోట్లో ఏముంది, దాచడానికి?

ఆ రోజంతా ఆ ప్రశ్న నా చాటలో బీడీలతో పాటు దొర్లుతూనే ఉంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాంపి చల్లి, నీళ్లు పట్టి, వంట చేసి, గిన్నెలు తోమి, అప్పుడు చాట ఒళ్లో పెట్టుకుంటాను. అప్పటినుంచి పొద్దుగూకేదాకా మెడ ఎత్తను. "ఇంట్ల కూసోని చేసుడే గదా, అండ్ల కష్టమేమున్నది?" అని నా భర్త రాజేందర్ మస్కట్ పోయే ముందు అన్నాడు. మెడ నొప్పని ఒకసారి చెబితే "మా అమ్మ నలభై ఏండ్లు చేసింది, మెడ ఊడిపోయిందా?" అన్నాడు. ఆ ఇంట్లో మన్విత మొదట నేర్చుకున్న మాట 'ముట్టకు'. ఆకు ముట్టకు, తంబాకు ముట్టకు, దారం తెంపకు. ముట్టుకోవడానికే పెట్టిన వస్తువులు ఉండే ఒక గది నా బిడ్డకు కావాలనిపించింది. అంతే నేను అడిగింది. అంత చిన్న విషయానికి ఈ ముసలామె ఎవరికి ఫోన్ చేసింది?

ఆదివారం పొద్దున రాజేందర్ వీడియో కాల్ చేశాడు. వెనక ఎప్పటిలాగే ఆకుపచ్చ పరదా.

"బడి గిడి ఏమొద్దు. ఆ గుడ్ల బడిల ఏం నేర్పుతరే? నేనచ్చినంక కోరుట్లల మంచి ఇంగ్లీష్ మీడియంల ఏస్త."

"కోరుట్లనా? జగిత్యాల దగ్గరుండంగ అంత దూరమెందుకు?"

అతను పరదా వైపు ఒకసారి చూశాడు. "అంటే... ఏదో ఒక తాన. ముందుగాల నువ్వు అమ్మ చెప్పినట్టు ఇను."

"బిడ్డతోని మాట్లాడు" అని ఫోన్ మన్వితకు ఇచ్చాను. అది తెరవైపు ఒకసారి చూసి, మళ్లీ తన రంగు దారాల ముక్కల్లోకి దిగిపోయింది. ఆర్నెల్ల కిందట ఈ పిల్లే ఫోన్ మోగితే తలుపుకు తగిలి పడుతూ పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు నాన్న ఫోన్‌లో ఉండే మనిషి కాదన్నట్టు, దీనికన్నా నిజమైన నాన్న ఇంకెక్కడో ఉన్నట్టు చూసింది.

కాల్ కట్టయ్యాక తట్టింది. ఇవాళ ఆదివారం. మస్కట్‌లో సెలవు శుక్రవారం. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఏ ఇంట్లోనైనా శుక్రవారం ఫోన్ దగ్గర ఒకరు కూర్చుంటారు. మేమూ కూర్చునేవాళ్లం. ఆ శుక్రవారాలు ఎప్పుడు ఆగిపోయాయి? ఆదివారాలు ఎప్పుడు మొదలయ్యాయి? "కంపెనీ మారింది" అన్నాడు ఒకసారి. నేను నమ్మాను. నమ్మడం కూడా నా ఇంటిపనుల్లో ఒకటిగా చేస్తూ వచ్చాను, ఎవరూ అడగకపోయినా.

ఇంకొకటుంది. జడ.

అత్తమ్మ ప్రతి గురువారం, మా మాటలో బేస్తారం, మోకాళ్లకు మందు కట్టించుకోవడానికని కోరుట్ల పోతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేదు. మన్వితను వెంట తీసుకుపోతుంది. "నువ్వు పని చేసుకో, పిల్ల నాకు తోడుంటది" అంటుంది. మొదట్లో నాకు అది ప్రేమగానే కనిపించింది. పోయినసారి తిరిగొచ్చినప్పుడు మన్విత తల నిమురుతూ ఆగిపోయాను. పొద్దున నేను వేసింది మూడు పాయల జడ. తిరిగొచ్చింది నాలుగు పాయల జడతో. నున్నగా, కుదురుగా, కింద ఎర్ర రబ్బరుతో. అత్తమ్మకు వేళ్లు వంగవు, పిల్లకు ముడి వేయడమే గొప్ప.

"ఎవలేసిన్రు బిడ్డా?"

మన్విత నానమ్మ వైపు చూసి నోరు గట్టిగా మూసుకుంది.

"బస్టాండ్ల పూలమ్మే ఆమె ఏసిందే. జుట్టు చెదిరిందని" అంది అత్తమ్మ, నేను ఆమెను అడగకముందే.

సోమవారం పొద్దున ఎవరినీ అడగలేదు. పిల్లకు స్నానం చేయించి, ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని, గడప దిగాను.

"నేను వద్దన్న గదనే!" వెనకనుంచి అరిచింది అత్తమ్మ. "పోరగాండ్లు కొడుతరు, జరమస్తది, దిష్టి తాకుతది. నా కొడుకు వద్దన్నడు!"

"నీ కొడుకును శుక్రవారం ఫోన్ చేసి చెప్పుమను అత్తమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి ఫోన్ వైపు పోయింది. అన్నిటికన్నా అది చూసి నాకు భయం వేసింది.

అంగన్‌వాడీలో గోడకు ఆనించి మన్విత ఎత్తు చూశారు. బరువు చూశారు. "ఏం పేరు?" అంటే మన్విత నా కొంగులోంచే చెప్పింది. ఒక మూల చిన్న గిన్నెలు, చెక్క పొయ్యి, గుడ్డ బొమ్మలు ఉన్నాయి. దాన్ని 'ఇంటి మూల' అంటారట. అన్నం తిన్నాక పిల్లలు అక్కడ ఇల్లు ఆట ఆడతారు. "ఆ ఆటల పెద్దోళ్లం నోరు పెట్టం, చూసుడే" అంది రాజక్క. మన్విత ఒక బుల్లి గిన్నె ముట్టుకుంది. నా వైపు చూసింది. ఎవరూ 'ముట్టకు' అనలేదు. నా కొంగు వదిలేసింది.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఒక్కటే అంది. "సరే, ఏసినవు. కానీ బేస్తారం నాడు పిల్ల నాతోనే రావాలె. అది మాత్రం తప్పది."

మోకాళ్ల నొప్పులనే మనిషికి మూడేళ్ల పిల్లను చంకనేసుకుని పోవాల్సినంత అవసరం ఏమిటి?

బుధవారం మధ్యాహ్నం జవాబు దొరికింది. పిల్లను తీసుకురావడానికి పోతే గుమ్మంలోనే రాజక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"సప్పుడు చెయ్యకు. లోపటికి రాకు. జర చూడు."

తలుపు పక్కన నిలబడ్డాం. ఇంటి మూలలో మన్విత తువ్వాల నెత్తిన కప్పుకుని, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని కుంటుతోంది. అచ్చం మా అత్తమ్మ. నాకు నవ్వొచ్చింది కూడా. రెండడుగులు కుంటి, "బస్సు దిగినం" అని ప్రకటించి, తిన్నగా నడవడం మొదలుపెట్టింది.

"అక్షయ్, నువ్వు నాన్న. గాడ నిలవడు. నన్ను ఎత్తుకొని మిర్చి బజ్జీ ఇయ్యాలె." పక్కింటి అక్షయ్ చేతులు చాపాడు. మన్విత ఇంకో పిల్ల వైపు తిరిగింది. "నువ్వు ఆంటీ. నాన్నకు చాయ్ పెట్టు. నాకు జడెయ్యి. గట్ల గాదు, మెల్లగ!"

ఆ పిల్ల జడ వేస్తూ అడిగింది. "మరి అమ్మ ఎవలు?"

మన్విత ఒక గుడ్డ బొమ్మను తీసుకుని, ముఖం గోడవైపు తిప్పి, మూలలో కూర్చోబెట్టింది. "అమ్మకు ఆట లేదు. అమ్మ ఇంట్ల బీడీలు చేస్తది." పెదవుల మీద వేలు పెట్టుకుంది. "అమ్మకు చెప్పొద్దు. చెప్తే నాన్న విమానమెక్కి పోతడు."

 శుక్రవారాలు, ఆకుపచ్చ పరదా, కోరుట్ల ఇంగ్లీష్ మీడియం, నాలుగు పాయల జడ, అన్నీ ఒక్కసారి వచ్చి వరసలో నిలబడ్డాయి. రాజేందర్ ఈ జిల్లాలోనే, బస్సు దూరంలో, ఎవరో పెట్టిన చాయ్ తాగుతున్నాడు. అది నన్ను కొట్టాల్సినంతగా కొట్టలేదు, ఎందుకో. నన్ను కొట్టింది ఆ బొమ్మ. నా బిడ్డ చూసిన ప్రపంచంలో అందరికీ కాళ్లున్నాయి. నానమ్మ బస్సెక్కుతుంది, నాన్న ఎదురొస్తాడు, ఎవరో తెలియని ఆంటీ కూడా చేతులు చాపి జడ వేస్తుంది. గోడకు ముఖం పెట్టి కూర్చునేది నేనొక్కదాన్ని. ఆ బొమ్మకు దారంతో నోరు పెట్టడం కూడా ఎవరో మరిచిపోయారు. ఇంకొకటి అంతకన్నా ఘోరం. నాన్న ఉండడం, పోవడం తన నోటి మీదే ఆధారపడి ఉందని మూడేళ్ల పిల్లకు చెప్పారు. ప్రతి బేస్తారం నుంచి మరో బేస్తారం దాకా ఆ బరువును పెదవుల మధ్య పట్టుకుని నా పక్కన పడుకుంది. నేనేమో పిల్ల ఇంట్లో నోరు విప్పి మాట్లాడడం లేదని దేవుడికి మొక్కుకున్నాను.

"నీకు చెప్పాల్నా వద్దా అని మస్తు ఆలోచించిన" అంది రాజక్క మెల్లగా. "నీ మొగడు మస్కట్‌ల ఉన్నడు గదా రజనీ?"

"అవునక్కా" అన్నాను. "మస్కట్‌లనే."

ఆ అబద్ధం ఒక్కరోజుకే అని నాకు నేను చెప్పుకున్నాను.

బేస్తారం పొద్దున మన్వితకు మూడు పాయల జడ వేశాను. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని సంచి సర్దుకుంది.

"పిల్లను ఇయ్యి, బస్సు అస్తది."

"బడి ఉన్నదత్తమ్మా. నువ్వు స్టేజీ కాడికి నడువు, నేనస్త."

ఏదో గొణుగుతూ పోయింది. పిల్లను రాజక్క చేతిలో పెట్టి, నేను బస్సు స్టేజీకి పరుగెత్తాను. జగిత్యాల బస్సు కదులుతుండగా ఎక్కి అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

"నువ్వెటే?"

"నీతోనే. మోకాళ్ల మందు కట్టే ఆయన్ను నేను సుత చూస్త."

జగిత్యాలలో బస్సు మారాం. కోరుట్ల బస్సులో కూర్చున్నాక, కిటికీవైపే చూస్తూ అంది. "వానికి మస్కట్‌ల పని పోయింది, వాపసచ్చిండే. ఒంటిగ ఉన్నడు. ఎవతో జర ఆసరైంది. మొగోడు గదా. నీకు తెలిస్తే ఇల్లు ఆగమైతదని దాచినం. ఇల్లు నిలవడాలె గదనే."

"ఇల్లు ఎవలు నిలవెడుతున్నరత్తమ్మా?" అని అడిగాను.

నా చూపుడువేలి చివర తంబాకు పసుపు ఉంది. ఆమె వేలికీ ఉంది, ఇన్నేళ్లైనా పోలేదు. ఇద్దరి చేతులూ ఒకే సంచి మీద పక్కపక్కన ఉన్నాయి. ముందు ఆమె తన చెయ్యి తీసేసుకుంది.

కోరుట్ల బస్టాండ్‌లో, బజ్జీల బండి పక్కన నిలబడి ఉన్నాడు రాజేందర్. చేతిలో నూనె మరకల పొట్లం. తల్లిని చూసి నవ్వుతూ రెండడుగులు వేశాడు. ఆమె వెనక పిల్ల కోసం కిందికి చూశాడు. నా చెప్పులు కనిపించాయి. నవ్వు అక్కడే ఆగిపోయింది. కాస్త అవతల, స్తంభం దగ్గర, చేతిలో దువ్వెన పట్టుకున్న ఒకామె నన్ను చూసి దువ్వెనను కొంగు కింద దాచుకుంది.

"రజనీ... జర ఇను. మన్విత ఏది?"

"బడికి పోయింది."

"నేను చెప్పుదామనే అనుకున్న..."

"నీ బిడ్డను చూడాలంటే మన వాకిట్లకు రా. వాడకట్టు ముంగట రా. దాని నోరు మూసి మాత్రం చూడకు." గొంతు పెంచలేదు. సాంచల మోతలో కూడా అర్థమయ్యేలా ఒక్కో మాట పెదవులతో పలికాను. "అమ్మకు తెలిస్తే నాన్న విమానమెక్కి పోతడని చెప్పిన్రట. అమ్మకు తెలిసింది. ఇగ ఎక్కు."

బడి వదిలే వేళకు నేను గుమ్మంలో ఉన్నాను. మన్విత ఎదురొచ్చి, నా వేలు పట్టుకుని ఇంటి మూలకు లాగింది.

"నువ్వు నానమ్మవైతవా, ఆంటీవైతవా?"

"నేను అమ్మనైత."

"అమ్మ ఏం జేస్తది?" నిజంగా తెలియక అడిగింది.

గోడవైపు తిరిగి ఉన్న బొమ్మను తీసి, ఈ వైపు తిప్పి, నా ఒళ్లో పెట్టుకున్నాను.

"అమ్మ బస్సెక్కి కోరుట్ల పోయచ్చింది" అన్నాను. "ఇప్పుడు కూసోని, నువ్వేం చెప్తే అది ఇంటది."

మన్విత తలుపువైపు ఒకసారి చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి నోరు తెచ్చింది.